ఒకే వాక్యం, మూడు పాఠాలు

అమెరికాలో ఉన్నత పాఠశాలలో చదువుతున్న మా మనవరాలు కిందటి ఆదివారం ఫోనులో ఒక సందేహం అడిగింది. తరగతిలో షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకం నడుస్తున్నదట. వ్యాకరణానికి ఒక అభ్యాసపుస్తకం, గ్రీకు రోమను పురాణగాథలకు మరొక పుస్తకం, ‘ఐరనీ’కి నిర్వచనాల పట్టిక. మూడింటిలోనూ మంచి మార్కులే. అయినా “తాతయ్యా, కాసియస్ మాటల్లో ఐరనీ ఉందన్నారు టీచర్. నాకు కనబడటం లేదు” అన్నది. నేను తెలుగు పండితుణ్ణి. ఆంగ్లంలో నా ప్రవేశం స్వల్పం. అయినా ఆ వాక్యం చదివి వినిపించమన్నాను.

సందర్భం మొదటి అంకంలోనిది. కాసియస్ సీజరుపై బ్రూటస్ మనస్సు విరిచే ప్రయత్నంలో ఉన్నాడు. ఒకనాడు సీజరు సవాలు చేయగా ఇద్దరమూ టైబరు నదిలోకి దూకామనీ, నడుమ సీజరు అలసి తనను కేకవేశాడనీ చెబుతాడు. మన మూలపురుషుడు ఈనియస్ తగలబడుతున్న ట్రాయి నగరం నుండి వృద్ధుడైన ఆంకైసిస్‌ను భుజాన మోసుకొని వచ్చినట్లు, తాను సీజరును నీటిలోనుండి తెచ్చానంటాడు.

ముందు అన్వయం చూద్దాం. ఈ ఉపమలో ‘మోయు’ అనే క్రియ మొదటి భాగంలోనే ఉన్నది. రెండవ భాగంలో కర్త, కర్మ ఉన్నా ప్రధానక్రియ లేదు, పైనుండి తెచ్చుకోవాలి. మన శాస్త్రకారులు దీనినే అనుషంగమన్నారు.

తరువాత గాథ. ఈనియస్ వీనస్ దేవత కుమారుడు, ఆంకైసిస్ అతని తండ్రి. రోమనులందరికీ ఈనియస్ మూలపురుషుడని ప్రతీతి. అందులోనూ సీజరు పుట్టిన జూలియస్ వంశంవారు తాము సాక్షాత్తు ఆయన సంతతి అని చెప్పుకొనేవారు. కాసియస్ చేసినదేమిటి? సీజరు వంశగాథలోని వీరుని స్థానం తాను ఆక్రమించి, సీజరును మోయించుకొన్న ముసలివాని స్థానంలో కూర్చోబెట్టాడు. వంశగౌరవానికి చెప్పుకొన్న కథతోనే ఎత్తిపొడిచాడు. అన్వయం కుదరకపోతే ఎవరు ఎవరిని మోశారో తెలియదు. గాథ తెలియకపోతే ఆ పోటు తగలదు.

మరి ఒకే వాక్యంలో ఉన్న ఈ మూడూ మూడు పుస్తకాలలోకి ఎలా వెళ్ళాయి?

క్రీ.శ. మొదటి శతాబ్ది చివర రోములో క్వింటిలియన్ అనే గురువు వ్రాసిన బోధనాగ్రంథం ప్రకారం వ్యాకరణోపాధ్యాయుని పనులు రెండు: సాధువుగా మాట్లాడటం నేర్పడం, కవులను వ్యాఖ్యానించడం. ఇంగ్లండులోనూ చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది. లిలీ పేర ప్రసిద్ధమైన లాటిన్ వ్యాకరణాన్ని 1540లలో ఎనిమిదవ హెన్రీ పాఠశాలలకు నిర్ణయించాడు. ఆ సూత్రాలు వల్లించిన పిల్లలే పై తరగతులలో ఓవిడ్ కవి గాథలు చదివారు.

తరువాత ఒక్కొక్కటే విడిపోయింది. 1762లో రాబర్ట్ లౌత్ ఆంగ్లానికి వ్యాకరణం వ్రాశాడు. వాక్యం చివర ప్రిపొజిషన్ రావడం గంభీరరచనకు అంత శోభ కాదన్నాడు. ఆ అలవాటును వర్ణిస్తున్న చోటనే తన ఉపవాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించాడు! చమత్కారానికే అలా చేశాడని పలువురి భావన. తరువాతివారు ఆ చమత్కారాన్ని వదలి, సలహాను మాత్రం నిషేధంగా బిగించారు. 1855లో బోస్టనులో బ్యాంకు గుమాస్తా అయిన థామస్ బుల్‌ఫించ్, లాటిన్ గ్రీకులు రాని పాఠకుల కోసం గాథలను విడిగా ఆంగ్లంలో చెప్పాడు. 1942లో ఈడిత్ హామిల్టన్ అనే విశ్రాంత ప్రధానోపాధ్యాయిని అదే పని మళ్ళీ చేసింది. నడుమ 1874లో హార్వర్డు ప్రవేశపరీక్షలోని వ్యాసరచనకు ‘జూలియస్ సీజర్’తో సహా కొన్ని ఆంగ్లగ్రంథాలను నిర్ణయించింది, కళాశాలలు కోరినవి ఉన్నత పాఠశాలలు బోధించక తప్పదు కదా. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. లాటిన్ రాని పిల్లలకు తలుపులు తెరచినవారు వీరు. కాని మూడింటినీ ఒకచోట కలిపి చెప్పే గురువు మాత్రం అవసరమే.

క్వింటిలియనే మరొక మాట అన్నాడు: ఐరనీని పట్టుకొనేది పలికే తీరును బట్టి, లేదా వక్త స్వభావాన్ని బట్టి, లేదా విషయాన్ని బట్టి. వెయ్యేళ్ళ ఎడంలో మన మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంగ్యం స్ఫురించడానికి వక్త, శ్రోత, కాకువు అనే కంఠధ్వని, ప్రకరణం, దేశకాలాలు మొదలైనవి కారణాలన్నాడు. ఇద్దరికీ గొంతు ముఖ్యమే.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ముప్పయ్యేళ్ళు వ్యాజస్తుతి పాఠం చెప్పాను. లక్షణం, లక్ష్యం, సమన్వయం అని పిల్లలు వరుసగా అప్పజెప్పారు, నేను మార్కులు వేశాను. ఒక్కనాడూ తరగతిలో నవ్వు వినబడలేదు. పొగడ్తలోని తిట్టు ఎవరికీ తగలనప్పుడు నేను చెప్పినది ఏ పాఠం?

మనవరాలిని ఆ వాక్యం మూడుసార్లు చదవమన్నాను. అన్వయం కోసం ఒకసారి, ఈనియస్ కథ చెప్పిన తరువాత ఒకసారి, సీజరంటే ఒళ్ళుమండే కాసియస్ గొంతుతో ఒకసారి. మూడవసారి ‘అలసిన సీజరు’ అన్నచోట ఆగిపోయింది. “అమ్మో! సీజర్‌నే ముసలాయన్ని చేసేశాడా!” అని పకపక నవ్వింది. ఆమెకు నిర్వచనం ముందే వచ్చు. నా విద్యార్థులకూ వచ్చు.