జీతం లేని జైలరు

న్యాయస్థానం నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఇక చెరసాల తలుపు తెరుచుకోవాలి. కాని తెరుచుకోలేదు. జైలరుకు రుసుము బాకీ ఉన్నందున ఆ మనిషిని తిరిగి అదే కొట్లోకి తోశారు. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఇది వింతేమీ కాదు, మామూలు వ్యవహారం.

కారణం చాలా చిన్నది. జైలరుకు జీతం లేదు. ఖైదీలే అతని రాబడి. లోపలికి వస్తే రుసుము, బయటికి పోతే రుసుము, సంకెళ్ళ బరువు తగ్గిస్తే రుసుము. ఆపైన లోపలే బీరు అమ్మకం.

మన పల్లెల్లో ఒకప్పుడు సారా దుకాణాలకు వేలంపాట జరిగేది. పాట పాడినవాడు తన పెట్టుబడిని ఎవరి జేబులోంచి రాబట్టుకునేవాడో మనకు తెలుసు. లండనులోని ఫ్లీట్ జైలు కథా అలాంటిదే. 1728లో థామస్ బాంబ్రిడ్జ్ మరొకరితో కలిసి ఆ జైలు వార్డెను పదవిని 5,000 పౌండ్లకు కొన్నాడు! రాబర్ట్ కాసెల్ అనే వాస్తుశిల్పి అప్పుల పాలై అక్కడ చేరాడు. అడిగినంత చెల్లించలేకపోయేసరికి అతణ్ణి మశూచి సోకిన ఇంటికి తరలించారు. అక్కడే ఆ రోగంతో మరణించాడు. అతని మిత్రుడు జేమ్స్ ఓగల్‌తోర్ప్ అధ్యక్షతన 1729లో పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. బాంబ్రిడ్జ్ పదవి పోయింది గాని హత్యానేరం రుజువు కాలేదు. రుసుముల పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

1773లో జాన్ హోవర్డ్ బెడ్‌ఫర్డ్‌షైరుకు షెరీఫ్ అయ్యాడు. ఆ పదవిని అలంకారంగా భావించక స్వయంగా జైలుకు వెళ్ళి చూశాడు. విడుదల కావలసినవారు జైలరుకు 15 షిల్లింగుల 4 పెన్నీలు, తాళాలు తీసేవానికి 2 షిల్లింగులు ఇవ్వలేక మగ్గుతున్నారు. రుసుములకు బదులు జైలరుకు జీతం ఇవ్వండని ఆయన జిల్లా న్యాయాధికారులను కోరాడు. వారు కాదనలేదు, ఇంతకు ముందు ఎక్కడైనా అలా ఇచ్చిన దాఖలా చూపమన్నారు.

దాఖలా కోసం హోవర్డ్ గుర్రమెక్కి పొరుగు కౌంటీలకు బయలుదేరాడు. ఏ జైలుకు వెళ్ళినా అదే అన్యాయం! జీతానికి ఉదాహరణ వెతకబోయినవాడికి చీకటి కొట్లూ, జైలు జ్వరమూ ఎదురయ్యాయి. చెరసాలల సంస్కరణ చరిత్రలో ఆ పెద్ద ప్రయాణం ఒక జీతపు అర్జీతో మొదలయిందన్న మాట. 1774లో ఆయన పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చాడు. నిర్దోషులను రుసుము లేకుండా వెంటనే వదలాలనీ, జైలరుకు ఆ సొమ్ము కౌంటీ చెల్లించాలనీ ఆ ఏడే చట్టం వచ్చింది. 1777లో ఆయన తన పరిశీలనలను గ్రంథంగా ప్రకటించాడు. అయినా చాలా జైళ్ళలో రుసుములు పూర్తిగా రద్దు కావడానికి 1815 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ పాఠం మన దేశానికీ చేరింది. 1894 నాటి కారాగారాల చట్టంలోని 9వ సెక్షను, జైలు ఉద్యోగులెవరూ ఖైదీలతో ఎలాంటి డబ్బు వ్యవహారమూ పెట్టుకోరాదని శాసించింది. ఆ పొడి వాక్యం వెనుక కాసెల్ మరణమూ, హోవర్డ్ గుర్రపు డెక్కల చప్పుడూ ఉన్నాయనిపిస్తుంది నాకు.

జైలు వార్డరు జీతం పెంచాలంటే, నేరస్థుల కాపలాకు ఇంత ఖర్చా అని విసుక్కునేవారు ఉంటారు. ప్రజలు ఇవ్వని జీతాన్ని ఖైదీ ఇచ్చుకోవలసి వస్తుంది. అది ఇవ్వలేని నిర్దోషికి తీర్పు వచ్చినా తలుపు తెరుచుకోదు.