రాజుగారి సెలూను, బెల్లంపల్లి బొగ్గు

పాతకాలపు పెట్టెలలో విలాసముగా ప్రయాణించి, దారిలో ఒక నగరమున ఒకటి రెండు దినములు గడపి, మరల బండి ఎక్కుట ఈనాటి సంపన్న యాత్రికులకు ఒక వేడుక. మన దేశములో ఈ వేడుకకు నాంది 1982 జనవరి 26న రాజస్థాన యాత్రకై బయలుదేరిన ‘ప్యాలెస్ ఆన్ వీల్స్’. సంస్థానాధీశులు, వైస్రాయిలు ఎక్కిన సెలూన్లనే మొదట దానికి కూర్చినారు. నిజాము సెలూను కూడ వానిలో నుండెనని చెప్పుదురు. 2004లో వచ్చిన ‘దక్కన్ ఒడిస్సీ’ వంటివి ఆ పాత పెట్టెల పోలికలో క్రొత్తగా కట్టినవి. ఈ విలాసమునకు మన ప్రాంతములోను ఒక పూర్వకథ ఉన్నది. అది హైదరాబాదులో మొదలై బెల్లంపల్లి మీదుగా పోవును. ఆ రాజభోగములకు, ఈ బొగ్గుగనుల ఊరికి సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. సంబంధము డబ్బు ద్వారా కలిగినది.

నిజాము రాజ్యములోనికి మొదటి పొగబండి 1874 అక్టోబరు 8న వచ్చినది. బొంబాయి, మదరాసులను కలుపు మార్గములో వాడి అను చోట చీలి సికింద్రాబాదు చేరు లైను అది. ఆ లైను కావలెనని పట్టుపట్టినవారు ఇంగ్లీషువారు. సికింద్రాబాదులో వారి దండు ఉన్నది కదా! పెట్టుబడి మాత్రము నిజాముది. అప్పటికి నిజాము మహబూబ్ అలీఖాన్ ఎనిమిదేండ్ల బాలుడు. వ్యవహారమంతయు దివాను సాలార్‌జంగు చేతిలో ఉన్నది.

అంతవరకు మేనాలో, ఎడ్లబండిలో రోజుల తరబడి చేసిన ప్రయాణము ఒక్క రాత్రిలోనికి వచ్చినది. 1884 ఫిబ్రవరిలో మహబూబ్ అలీఖాన్‌కు అధికారమును అప్పగించుటకు వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చినాడు. అంతకు ముందు ఏ వైస్రాయియు ఆ నగరమునకు రాలేదు. 1902లో కర్జను ప్రభువు వచ్చి వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గర గుడారములు వేయించి పులులను వేటాడినాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఆ వేట ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. నెక్కొండ రైలు మార్గము మీది ఊరే. 1906లో వేల్సు యువరాజు, అనగా తరువాతి అయిదవ జార్జి, సతీసమేతముగా వచ్చి ఫలక్‌నుమాలో విడిది చేసినాడు. స్టేషనులో స్వాగతము, కోటలో విందు, అడవిలో వేట, మరల బండి. నేటి యాత్రాసంస్థల కార్యక్రమపత్రము దీనికంటె పెద్దగా మారలేదు.

సెలూను అనగా కదలు ఇల్లు. పడకగది, కూర్చుండు గది, స్నానపు గది, వంటకు, పరిచారకులకు వేరు తావులు. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లెడివారు. అదే బండి వెనుక మూడవ తరగతిలో చెక్కబల్లల మీద జనము ఒకరినొకరు ఒరసికొని కూర్చుండెడివారు. ఆ రోజులలో రైళ్లకు రాబడి తెచ్చిపెట్టినది ముఖ్యముగా ఈ మూడవ తరగతివారును, సరకుబండ్లును. ఈ సంగతి విలాసపు రైళ్ల వర్ణనలలో కనబడదు.

ఇక అసలు కథ. ఈ రైల్వేకు ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అని పేరు. ఇందులోని గ్యారంటీ ప్రయాణికునికి ఇచ్చినది కాదు, లండనులోని వాటాదారునకు ఇచ్చినది. 1883లో అప్పటివరకున్న లైనును ఒక ఇంగ్లీషు కంపెనీకి అప్పగించి, బెజవాడకు, చాందాకు పొడిగించు ఒప్పందము సిద్ధమైనది. లైను మీద లాభము వచ్చినను రాకపోయినను ఇరువది సంవత్సరముల పాటు పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీని నిజాము ఖజానా పూచీపడవలెను. ఆ ఏడు ఫిబ్రవరిలో సాలార్‌జంగు కన్నుమూసినాడు. నిజాము ఇంకను మైనరు. అడుగువాడు లేని సమయమది.

అయినను అడిగినవారు ఉన్నారు. ఎడింబరోలో డాక్టరు పట్టము పొంది హైదరాబాదులో కళాశాలను నడుపుచున్న అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ఆయనతోపాటు ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైన విద్యావంతులు ఒక సంఘముగా చేరినారు. ఒప్పందపు షరతులేమి? వడ్డీ భారము ఎవరి మీద పడును? ప్రజలకు తెలుపకుండ ఖజానాను ఎట్లు తాకట్టు పెట్టుదురు? వారు రైలును వలదనలేదు, లెక్క చెప్పుమన్నారు. ప్రభుత్వము అఘోరనాథుని రాజ్యము నుండి వెడలగొట్టినది. హైదరాబాదు రాజ్యములో ప్రభుత్వ వ్యయమును గూర్చి ప్రజలు బహిరంగముగా తర్కించిన తొలి సందర్భములలో ఈ చాందా రైల్వే వివాదము ఒకటి. మన పాఠ్యపుస్తకములలో దీనికి దొరికిన చోటు చాల స్వల్పమని నా అభిప్రాయము.

వారి అనుమానము ఉత్తది కాదని అయిదేండ్లలోనే తేలినది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. రైల్వే బేరమును నడిపిన అబ్దుల్ హక్కే గనుల బేరమును కూడ నడిపినాడు. 1886లో ‘హైదరాబాద్ దక్కన్ కంపెనీ’ ఏర్పడినది. దాని వాటాలను సర్కారుకే అమ్మి లాభము తీసినారన్న ఆరోపణపై 1888లో ఇంగ్లండు పార్లమెంటు కామన్సు సభ విచారణ సంఘమును వేసినది. అబ్దుల్ హక్కు ఉద్యోగము పోయినది. 1889లో బెజవాడ వరకు లైను పూర్తయినది. ఆ ఏడే ఇల్లందులో బొగ్గు త్రవ్వకము మొదలైనది. రైలుకు బొగ్గు కావలెను, బొగ్గుకు రైలు కావలెను. రెంటికిని మూలధనము ఒకే మొలసంచిలోనిది.

చాందా దారి మాత్రము నలుబది ఏండ్లకు పైగా కాగితము మీదనే నిలిచినది. తుదకు కాజీపేట నుండి రామగుండం మీదుగా గోదావరిని దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా బల్లార్షా చేరు మార్గము 1929 నాటికి పూర్తయినది. దీనితో మదరాసుకు, ఢిల్లీకి సూటి దారి ఏర్పడినది. పెషావరు నుండి మంగళూరు వరకు నాలుగు దినములకు పైబడి సాగిన గ్రాండ్ ట్రంక్ బండి ఆ ఏటిదే. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ బెల్లంపల్లి పరిసరములలో గనులు తెరచినది కూడ ఆ దశకము చివరి భాగముననే. ఎవరిని వెడలగొట్టి సాధించినారో ఆ దారి మీదనే బెల్లంపల్లి వెలసి పెరిగినది. కరీంనగరము, వరంగల్లు పల్లెల నుండి, గోరఖ్‌పూరు వంటి దూరదేశముల నుండి వచ్చిన కూలీలు ఇక్కడ దిగినారు. వారు ఎక్కి వచ్చినది సెలూను కాదు.

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పవచ్చును. 1930 ఏప్రిల్ 1న రైల్వేను నిజాము ప్రభుత్వమే కొన్నది. 1945లో సింగరేణి వాటాలలో అధిక భాగము కూడ ప్రభుత్వపరమైనది. 1951లో రైల్వే కేంద్ర రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే పుట్టినది. పొగ ఇంజనులు పోయి విద్యుత్తు బండ్లు వచ్చినవి. బెల్లంపల్లి పాత భూగర్భ గనులు చాలవరకు మూతపడినవి. సింగరేణి బొగ్గు ఇప్పుడు ముఖ్యముగా విద్యుత్కేంద్రములకు పోవుచున్నది. తీగల మీద నడచు బండికిని మూలము బొగ్గే అగుచున్నది.

యువరాజు విడిసిన ఫలక్‌నుమా 2010 నుండి హోటలు. నూటొక్క మంది కూర్చుండు భోజనపు బల్ల దానిలో ఉన్నది. బెల్లంపల్లి నుండి భాగ్యనగర్ బండిలో సికింద్రాబాదు చేరి రెండు దినములు నగరము చూడదలచువారు చార్మినారును, చౌమహల్లాను ఎట్లును చూతురు. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనును కూడ చూచి, దాని ఎదుటి దారిన కొంత దూరము నడచినచో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను పాత ఇల్లు కనబడును. సరోజినీ నాయుడు కవితాసంపుటి పేరు పెట్టిన ఇల్లది. ఆమె తండ్రి అఘోరనాథుడు, వెడలగొట్టిన ప్రభుత్వమే మరల పిలువగా వచ్చి, హైదరాబాదులో చిరకాలము కొలువు చేసి, 1915లో కలకత్తాలో కాలధర్మము చెందినాడు. చాందా రైలు బెల్లంపల్లి దాటుటకు ఇంకను పదునాలుగేండ్లు ఉన్నది.