గర్దభము – అశ్వతరము : పేళ్ళు చెప్పెడి చరిత్ర



మా బాల్యమున పాఠశాలలో సంత చెప్పుకొనుచుండగా వీథిలో గాడిద ఓండ్ర పెట్టినచో గురువుగారు పాఠము నిలిపివేసెడివారు. కుక్క, గాడిద, ఒంటె అరచుచున్నప్పుడు వేదాధ్యయనము చేయరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయము విధించుచున్నది. శారదానది రేవునకు బట్టల మూటలు మోయుచు పోవు గాడిదలు ఆనాడు అనకాపల్లిలో మెండు. మాకు అప్పుడప్పుడు దొరకిన ఆ విరామము వాటి చలవయే. అయినను మేము పెద్దవారమై పాఠము చెప్పు నాటికి ఆ మేలు మరచితిమి. పనస అప్పగింపలేని పిల్లవానిని "అడ్డగాడిదా" యని తిట్టితిమి. ఒకనాడు అట్లు తిట్లు తిన్న బాలుడు కన్నీరు తుడుచుకొని, "అశ్వినీదేవతల రథమునకు కట్టినది గాడిదనే గదా, గురువుగారూ?" అని వినయముగా అడిగెను. అది మేము చెప్పిన పాఠమే. మాకు నోట మాట రాలేదు. నాటినుండి ఆ జంతువు పేళ్ళను శ్రద్ధతో విచారించితిమి. ఆ విచారమే నేటి ప్రసంగము.

అమరకోశమున గాడిదకు ఐదు పేళ్ళు కలవు. ఖరము, రాసభము, గర్దభము, వాలేయము, చక్రీవంతము. ఇందు రాసభ, గర్దభ శబ్దములు రెండును ధ్వనిని తెలుపు ధాతువులనుండి పుట్టినవి. ఖరమనగా కఠినమైనది. అనగా పేరు పెట్టినవారు దాని గొంతును వినిరే గాని, అది మోయు బరువును చూడలేదు. ఆడుదానికి గర్దభి, రాసభి, ఖరి యని సంస్కృతమున స్త్రీలింగ రూపములు కలవు. మన తెలుగున ఆడుగుఱ్ఱమునకు గోడిగ యను చక్కని పేరున్నది. గాడిదకు మాత్రము మగగాడిద, ఆడగాడిద యనుటతో సరిపెట్టుకొంటిమి.

వేదము అట్లు చూడలేదు. దేవతల వాహనములను చెప్పుచోట వైదిక నిఘంటువు అశ్వినులకు రాసభములను చెప్పినది. అగ్నిచయనమున ఉఖ యను పాత్రకు కావలసిన మట్టిని గాడిదపై తెచ్చెదరు. ఆ సందర్భమున తైత్తిరీయ సంహిత పశువులన్నింటిలో బరువు మోయుటయందు గాడిదయే మేటి యని కీర్తించినది. మేత చాలని చోటను అది పుష్టిగా నుండునని కూడ చెప్పినది. ఐతరేయ బ్రాహ్మణమున దేవతల పందెము కథ కలదు. అగ్ని అశ్వతరులను, ఉషస్సు ఎఱ్ఱని గోవులను, ఇంద్రుడు గుఱ్ఱములను కట్టుకొని పరుగెత్తిరి. గాడిదల రథముపై వచ్చిన అశ్వినులే గెలిచిరి. ఆ పరుగులో గాడిద తన వేగమును పోగొట్టుకొన్నదట. దేవతల గెలుపునకు తన వేగమును ధారపోసిన జంతువును మనము మందమని తిట్టుచున్నాము!

ఆ కథలోని అశ్వతరి యెవరు? ఆడగుఱ్ఱమునకు మగగాడిదవలన పుట్టిన సంకర సంతానమున ఆడుది. మగది అశ్వతరము. తెలుగున కంచరగాడిద. వత్సతర, అశ్వతర మొదలగు శబ్దములలోని 'తర' ప్రత్యయము తగ్గుదలను తెలుపునని పాణిని ఐదవ అధ్యాయమున చెప్పెను. గుఱ్ఱపుతనము కొంత తగ్గినది అశ్వతరము. తండ్రి వేరగుటయే ఆ తగ్గుదలయని వ్యాఖ్యాతల వివరణము. తండ్రి గుఱ్ఱము, తల్లి గాడిద యైనచో పుట్టుదానిని ఆంగ్లేయులు హిన్నీ యందురు. మన వాడుకలో దానికి వేరు పేరు కానరాదు.

అశ్వతరికి సంతానము కలుగకుండుటను మన పూర్వులు ఎంత నిశితముగా గమనించిరో చూడుడు. పందెమున తోలుచు అగ్ని వాటి గర్భములను కాల్చెనని ఐతరేయము. ప్రజాపతి దాని రేతస్సును తీసి గాడిదయందుంచెననియు, కనుక గాడిద ద్విరేతస్కమైనదనియు తైత్తిరీయము. నేటి శాస్త్రజ్ఞులు వేరొక కారణము చెప్పుదురు. గుఱ్ఱమునకు 64, గాడిదకు 62 క్రోమోసోములు. సంకరమునకు 63 వచ్చును. అవి జతకూడక సంతానము నిలువదు. కారణము చెప్పు భాష మారినది. చూచిన సత్యము మారలేదు.

సంతులేనిదని దానిని ఎవ్వరును చులకన చేయలేదు. ఛాందోగ్యమున జానశ్రుతి రైక్వునికి ఆరువందల గోవులతో, హారముతో పాటు అశ్వతరీరథమును అర్పింపబోయెను. అది రాజు కానుకగా నీయదగిన రథము. అశ్వతరమునకు వేసరమనియు పేరు. నాగర ద్రావిడ లక్షణములు కలసిన దేవాలయ శైలిని వేసరమని పిలుచుట ఈ యర్థమువలననే యని కొందఱు పండితుల మతము. నేడు గౌరీకుండమునుండి కేదారమునకు సుమారు 16 కిలోమీటర్లు మన వృద్ధులను మోయుచున్నవి ఈ కంచరగాడిదలే.

నూకాంబిక అమ్మవారి ఊరివారమైన మనకు ఒక మాట. నవదుర్గలలో కాళరాత్రికి, మశూచినుండి కాపాడు శీతలాదేవికి గాడిదయే వాహనము. దేశమున 2012 పశుగణనలో గాడిదలు సుమారు 3 లక్షల 20 వేలు. 2019 నాటికి 1 లక్షా 20 వేలు మాత్రమే. కంచరగాడిదలు ఇంచుమించు 2 లక్షలనుండి 84 వేలకు తగ్గినవి. బరువులను బండ్లు, యంత్రములు మోయుచున్నవి. అది కాలధర్మము. కాని బలము వచ్చునను భ్రమతో మన కోస్తా జిల్లాలలో కొందఱు గాడిద మాంసము తినుట కాలధర్మము కాదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు వధింపదగిన జంతువులలో గాడిదను చేర్చలేదు.

ఆ బాలుని ప్రశ్న తరువాత మేము ఆ తిట్టును విడిచితిమి. తిట్టుగా మాత్రమే మిగిలిన పేరు, జంతువు కనుమరుగైన పిదప మన పిల్లలకు అర్థము కాదు. కేదారయాత్ర చేయువారు తమ్ము మోసిన ప్రాణికి నీరు, మేత అందినదో లేదో ఒక్కమాట విచారింపుడు. పిల్లలను తిట్టబోవునప్పుడు అశ్వినుల రథమును తలచుకొనుడు.

స్వస్తి.