బిడ్డకూ బిడ్డకూ నడుమ ఎడం: అమ్మమ్మల కాలం నుంచి మన దాకా



ఏటా ఈ పుస్తకంలో పొదుపు లెక్క, అప్పు లెక్క చదువుకుంటాం. ఈసారి మన ఒంటి లెక్క ఒకటి చూద్దాం.

మీ అమ్మమ్మకు ఎన్ని కాన్పులని అడిగి చూడండి. ఎనిమిది, పది అంటారు. బతికినోళ్లు ఎందరంటే లెక్క మారిపోతది. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోయేవారు. పల్లెల్లో మంత్రసానే దిక్కు. బిడ్డకూ బిడ్డకూ నడుమ ఎడం ఉందంటే అది చాలావరకు చనుబాల పుణ్యమే. బిడ్డ రొమ్ము తాగినన్నాళ్లు చాలామందికి నెలసరి ఆలస్యమయ్యేది.

ఎడం లేకపోతే ముందు నష్టపోయేది పెద్దబిడ్డ. కాళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, ముభావంగా కూర్చునే జబ్బుకు డాక్టర్లు ‘క్వాషియోర్కర్’ అని పేరు పెట్టారు. అది ఆఫ్రికాలోని ఘనా మాట. కొత్త బిడ్డ వచ్చి తల్లిపాలు పోయిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం ఈ జబ్బు మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. సముద్రాల అవతలి తల్లుల బాధ, మన తల్లుల బాధ ఒక్కటే.

1952లో మన దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి ప్రభుత్వం మనదే. 1965లో లూప్ వచ్చింది. ఎడం కోసం మంచి సాధనమే. కానీ వేసి పంపించారు తప్ప, రక్తస్రావమైతే చూసే దిక్కు చాలాచోట్ల లేకపోయింది. ఆడవాళ్లు భయపడ్డారు. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం మగవాళ్లకు, చాలాచోట్ల బలవంతంగా. ఆ కోపంతో మగవాళ్లు తప్పుకున్నారు. బరువంతా ఆడవాళ్ల మీద పడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ బరువును మన తల్లులే మోశారు. 1992-93లో ఒక్కో స్త్రీకి సగటున 2.59 మంది పిల్లలుంటే, 2005-06 నాటికి 1.79కి తగ్గింది. అయితే పదిహేను, పదహారేళ్లకు పెళ్లి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకల్లా ఆపరేషన్. నడుమ ఉన్న ఆ ఏడెనిమిదేళ్లలోనే రెండు మూడు కాన్పులు. ఆపేయడం నేర్చుకున్నాం, నడుమ ఆగడం నేర్చుకోలేదు. ఇవాళ్టికీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. ఎడం కోసం మాత్రలు, కాపర్ టి వాడేవాళ్లు బహు కొద్దిమంది.

ఆగడం ఎందుకు? కాన్పుతో, పాలివ్వడంతో ఒంట్లో ఇనుము తరుగుతది. అది పూడకముందే మళ్లీ నెల తప్పితే, మొదటి అప్పు తీరకముందే రెండో అప్పు తెచ్చినట్టే. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. పైగా నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లే. ఆ కుట్టు గట్టిపడకముందే గర్భం వస్తే కాన్పు సమయంలో గర్భసంచి చిరిగే ప్రమాదం పెరుగుతది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువ. అందుకే 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కాన్పయ్యాక కనీసం 24 నెలలు ఆగి తర్వాతే మళ్లీ గర్భానికి ప్రయత్నించాలన్నారు. అంటే బిడ్డల నడుమ దాదాపు మూడేళ్లు. గర్భస్రావమైతే కనీసం ఆరు నెలలు.

ఒక మాట మరవొద్దు: కాన్పు తర్వాత నెలసరి రాకముందే నెల తప్పవచ్చు. పాలిస్తున్నాం కదా అని నిమ్మళంగా ఉండొద్దు.

ఇప్పుడు దారులున్నాయి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్ టి వేయించుకోవచ్చు. 2017 నుంచి మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా వస్తున్నాయి. ఏది మనకు సరిపడుతుందో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగాలి. నిరోధ్ వాడాల్సింది మగవాళ్లేనని ఇంట్లో చెప్పాలి.

2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు పోయారు. 2018-20లో తెలంగాణలో 43. తగ్గింది, సంతోషమే. కానీ ఆ 43 మందిలో ఒకరు ఏదో ఊరి ఒక సంఘం చెల్లె కావచ్చు. ఇంట్లో అత్తమ్మ స్థానంలో ఉన్నది ఇప్పుడు మనమే. కొత్త కోడలు మొదటి బిడ్డను ఎత్తుకున్న ఏడాదికే ‘ఇంకోటి ఎప్పుడే’ అని అడగకుండా ఉంటే, ఈ చరిత్రలో మన వంతు మార్పు అక్కడే మొదలైతది.