గాంగ్సా మోగిన కొండలు

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తరాన కార్డిలేరా కొండలున్నాయి. అక్కడి బొంతోక్, కలింగ, ఇఫుగావ్, ఇబలోయ్ తదితర ఆదివాసులను కలిపి ఇగొరోట్లు అంటారు. అంటే కొండవాళ్లు. మూడు వందల ఏళ్లకు పైగా దేశాన్ని ఏలిన స్పెయిన్ వాళ్లు ఈ కొండలను పూర్తిగా లొంగదీసుకోలేకపోయారు.

వారి వాద్యం గాంగ్సా. జేగంటలా బల్లపరుపుగా, చుట్టూ అంచుతో ఉండే కంచు లేదా ఇత్తడి పళ్లెం అది. కలింగలు ఆరింటిని కలిపి వాయిస్తారు. కూర్చుని ఒడిలో పెట్టుకొని అరచేతులతో వాయిస్తే తొప్పయ్య. చేత పట్టుకొని కర్రతో కొడుతూ అడుగు వేస్తే పాలూక్. ఒక్కొక్కరిది ఒక్కో దరువు. అన్నీ కలిస్తేనే పాట అవుతుంది. పెళ్లిళ్లలో, పండుగల్లో, ఊళ్ల మధ్య కుదిరే బొదొంగ్ అనే శాంతి ఒప్పందాల్లో ఇది మోగుతుంది.

1904లో అమెరికా వాళ్లు ఇగొరోట్లను సెయింట్ లూయిస్ ప్రదర్శనకు తీసుకెళ్లి, వారి ఆటపాటలను వింతగా చూపించారు. 1970లలో మార్కోస్ ప్రభుత్వం చికో నదిపై ఆనకట్టలు తలపెట్టింది. ఊళ్లూ పొలాలూ మునుగుతాయని కలింగలు, బొంతోక్‌లు బొదొంగ్‌తో ఏకమయ్యారు. 1980 ఏప్రిల్ 24న కలింగ పెద్ద మక్లిఇంగ్ దులాగ్‌ను సైనికులు కాల్చి చంపారు. అయినా జనం తగ్గలేదు. ఆనకట్టల పథకం ఆగిపోయింది. ఏటా ఆ రోజున గాంగ్సాలు మోగిస్తూ ఆయనను తలచుకుంటారు.

మన డోలు, తుడుం ఈరోజు ఎక్కువగా ఎక్కడ మోగుతున్నాయి? సభకు వచ్చే నాయకులకు స్వాగతం పలకడానికే మన పిల్లలు వాటిని పట్టుకుంటే, మనమూ ప్రదర్శన వస్తువులమే అవుతాం. ఊరి పనికి, ఊరి మాటకు అవి మోగాలి. ఆ దరువులు పెద్దల దగ్గర ఇప్పుడే నేర్చుకుందాం.