ద్వీపాల తేమకు తగిన సీటు కవర్లు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

అండమాన్, నికోబార్ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదవుతుంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన కొద్దికాలానికే ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు సాగే అండమాన్ ట్రంక్ రోడ్డుపై ప్రయాణమంటే వాన, బురద, ఉప్పుగాలి తప్పవు. అందుకే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారితో సహా ఫోర్ వీల్ డ్రైవ్ వాహనదారులందరికీ సీటు కవరు అలంకారం కాదు, అవసరం.

ద్వీపాలలో సీటుకు ప్రధాన శత్రువు ఉప్పు. సముద్రజలంలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తడి బట్టలతో కూర్చున్నప్పుడు ఆ నీరు సీటు లోపలి స్పాంజిలోకి ఇంకుతుంది. నీరు ఆరినా ఉప్పు మిగిలిపోయి, గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. ఫలితంగా స్పాంజికి బూజు పడుతుంది, అడుగున ఉన్న ఇనుప పట్టాలు తుప్పు పడతాయి.

కవర్లలో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. మందపాటి కాన్వాసు బురదకు, రాపిడికి తట్టుకుంటుంది. నీరు ఇంకకుండా లోపలి వైపు పూత ఉన్నదానిని ఎంచుకోవాలి. నియోప్రీన్ అనేది ఈతగాళ్ల దుస్తులలో వాడే కృత్రిమ రబ్బరు. మెత్తగా ఉంటుంది, తడిని అడ్డుకుంటుంది. అయితే గాలి ఆడనందున చెమట పడుతుంది, ఎండకు రంగు వెలుస్తుంది. రెగ్జిన్ చవకైనది, తుడవడం సులభం. కానీ ఎండలో నిలిపిన వాహనంలో వేడెక్కుతుంది, కాలక్రమేణా పగుళ్లు వస్తాయి. ఏ రకమైనా కుట్ల రంధ్రాల గుండా నీరు దిగవచ్చు కనుక కుట్లను ముందుగా పరిశీలించాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది భద్రత. కొన్ని వాహనాలలో సైడ్ ఎయిర్‌బ్యాగు సీటు పక్క భాగంలోనే అమర్చి ఉంటుంది. మారుతి జిమ్నీ ఇందుకు ఉదాహరణ. ప్రమాద సమయంలో అది రెప్పపాటులో సీటును చీల్చుకుని తెరుచుకోవాలి. గట్టి కవరు దానిని మూసివేస్తే ప్రాణరక్షణకు ఉద్దేశించిన పరికరమే నిరర్థకమవుతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు అనే గుర్తు ఉంటే, ఆ భాగం తెరిచి ఉన్న లేదా ఒత్తిడికి విడిపోయే ప్రత్యేక కుట్టు కలిగిన కవరునే తీసుకోవాలి. మామూలు కవరుకు ఇంట్లో కోత పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. వాహనంతో ఇచ్చిన పుస్తకంలో కవర్లు వద్దని సూచించి ఉంటే ఆ సూచననే పాటించాలి.

వెనుక సీట్లలో బెల్టు బకిళ్లు, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు కవరు కింద మరుగున పడకూడదు. డ్రైవరు సీటు కవరు కదలకుండా బిగుతుగా ఉండాలి. ఎగుడుదిగుడు దారిలో అది జారితే డ్రైవరు అదుపు తప్పవచ్చు. కవరు పట్టీలు సీటు కింది వైర్లకు, జరిపే లివరుకు తగలకుండా చూడాలి. వాహన లోపలి వస్త్రాలు మంటకు తట్టుకునే గుణాన్ని నిర్దేశించే భారతీయ ప్రమాణం ఐఎస్ 15061. కవరు గుడ్డ ఆ పరీక్షకు నిలిచిందా అని విక్రేతను అడగడం మంచిది.

ప్రధాన భూభాగం నుంచి తెప్పించుకునేవారు వాహనం మోడలు, తయారైన సంవత్సరం, సీట్ల అమరికను స్పష్టంగా తెలియజేయాలి. కొలత సరిపడక తిప్పి పంపితే మళ్లీ ఓడ రాక కోసం ఎదురు చూడవలసి రావచ్చు.

కవరు వేసినంత మాత్రాన పని పూర్తికాదు. సముద్రపు నీరు తగిలిన వెంటనే మంచినీటితో కడిగి, నీడలో గాలికి ఆరబెట్టాలి. వానాకాలంలో తరచుగా కవరు తీసి, స్పాంజి పొడిగా ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. తడి సీటుపై మూసిన కవరు రక్షణ ఇవ్వదు. తేమను లోపలే బంధించి నష్టాన్ని పెంచుతుంది.