పన్ను ఊరట చర్చ: ఐటీ కారిడార్‌లో ప్రతిపక్షం అడగాల్సిన లెక్క

సాయంత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ఒకే ఆఫీసు గేటులోంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు బయటికి వస్తారు. ఇంజనీరును మెహదీపట్నం దాకా తీసుకెళ్లే క్యాబ్ డ్రైవర్ రోడ్డు పక్కన ఎదురుచూస్తుంటాడు. ముగ్గురూ పన్ను కడతారు. కానీ బడ్జెట్ రోజు పన్ను ఊరట అనగానే టీవీల్లో నడిచేది ఇంజనీరు గురించిన చర్చే. మిగతా ఇద్దరినీ ఆ చర్చలోకి తేవడమే ప్రతిపక్షం పని.

ఊరట ఎవరికి దక్కింది?

2025 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను లేదని ప్రకటించారు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను సున్నా. అంతకుముందు ఏడాది అదే జీతానికి సెస్సుతో కలిపి 83,200 రూపాయలు కట్టాల్సి వచ్చేది. మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగుల ఇళ్లలో ఇది చిన్న మొత్తం కాదు. పిల్లల స్కూలు ఫీజు, ఫ్లాటు ఈఎంఐ దీంతోనే తేలికపడతాయి. దీన్ని ప్రతిపక్షం ఊరికే తప్పుబడితే జనం వినరు.

అయితే గార్డు, డ్రైవర్ ఆదాయపు పన్ను పరిధిలోకే రారు. ఈ ప్రకటనతో వాళ్ల జేబులోకి ఒక్క రూపాయి కూడా రాలేదు.

కనిపించని పన్ను

తెలంగాణలో పెట్రోల్‌పై వ్యాట్ 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం. 2015లో పెంచిన రేట్లివి. అంటే బంకులో పోయించుకునే వంద రూపాయల పెట్రోల్‌లో సుమారు 26 రూపాయలు, వంద రూపాయల డీజిల్‌లో సుమారు 21 రూపాయలు రాష్ట్రానికి పోతాయి. కేంద్ర సుంకం దానికి అదనం. క్యాబ్ డ్రైవర్‌కు ఫారం 16 ఉండదు, రీఫండూ ఉండదు.

వృత్తి పన్ను సంగతి ఇంకా విచిత్రం. రాష్ట్రంలో నెల జీతం 20 వేలు దాటితే 200 రూపాయలు. 21 వేల గార్డుకూ అంతే, మూడు లక్షల మేనేజర్‌కూ అంతే. ఈ పన్ను ఒక మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగంలోని 276వ అధికరణం చెబుతుంది. పైవాళ్లకు పెంచడానికి పెద్దగా చోటు లేకపోవచ్చు. కింది జీతాలవాళ్లకు తగ్గించమని మాత్రం అసెంబ్లీలోనే అడగొచ్చు.

పోయే డబ్బు ఎవరిది?

12 లక్షల ఊరటతో ఏటా సుమారు లక్ష కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది. పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది. అందులో తెలంగాణ వాటాను 15వ ఆర్థిక సంఘం 2.102 శాతంగా పెట్టింది. ఆ లెక్కన రాష్ట్ర ఖజానాకు తగ్గేది దాదాపు 860 కోట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్, మైనారిటీ గురుకులాలు, షాదీ ముబారక్ నడిచేది ఆ ఖజానాతోనే.

సెస్సులు, సర్‌చార్జీలు మాత్రం రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. 2022 మే తగ్గింపు తర్వాత లీటరు పెట్రోల్‌పై కేంద్ర సుంకం 19.90 రూపాయలుగా ఉండేది. అందులో రాష్ట్రాలకు వాటా వచ్చే మూల సుంకం 1.40 మాత్రమే. కాబట్టి ఊరట ఇవ్వండి అనడంతో సరిపోదు. ఏ పద్దులోంచి ఇస్తారు, రాష్ట్రానికి ఎంత తగ్గుతుంది అని కూడా అడగాలి.

ఫలించిన పద్ధతి

2024 ఆగస్టులో ప్రతిపక్ష ఎంపీలు పార్లమెంటు ఆవరణలో ఒకే డిమాండ్‌తో నిలబడ్డారు: ఆరోగ్య, జీవిత బీమాపై 18 శాతం జీఎస్టీ తీసేయాలి. పాలక పక్షంలోంచి కూడా నితిన్ గడ్కరీ అదే కోరుతూ లేఖ రాశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై ఆ పన్ను సున్నా అయింది. వస్తువు ఒకటి, రేటు ఒకటి. పెద్ద జబ్బు వస్తే ఆస్పత్రి బిల్లు ఎంతవుతుందో అందరికీ తెలుసు. అందుకే మాట నిలిచింది.

అప్పుడే తెలంగాణతో సహా ఎనిమిది ప్రతిపక్ష పాలిత రాష్ట్రాలు జీఎస్టీ తగ్గింపు లాభం కొనేవాళ్లకే చేరాలని, రాష్ట్రాల నష్టం పూడ్చాలని కోరాయి. తగ్గింపును అడ్డుకోకుండానే లెక్క అడిగాయి.

దెబ్బతిన్న పద్ధతి

2021 నవంబర్‌లో కేంద్రం పెట్రోల్‌పై 5, డీజిల్‌పై 10 రూపాయల సుంకం తగ్గించింది. చాలా రాష్ట్రాలు వ్యాట్ కూడా తగ్గించాయి, తెలంగాణ తగ్గించలేదు. వ్యాట్ తగ్గించాలని రాష్ట్ర బీజేపీ పట్టుబట్టింది. ముందు మీ సెస్సులు తీసేయండని ముఖ్యమంత్రి కేసీఆర్ కేంద్రంపై విరుచుకుపడ్డారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, 2025లోనూ వ్యాట్ శాతం అదే.

ఇప్పుడు బీఆర్‌ఎస్ వ్యాట్ గురించి మాట్లాడాలంటే తన పాలన లెక్క చెప్పాలి. బీజేపీ కేంద్ర సెస్సుల లెక్క చెప్పాలి. ఢిల్లీలో ఊరట అడిగే కాంగ్రెస్ హైదరాబాద్‌లో తాను వసూలు చేస్తున్నది చెప్పాలి. అధికారంలోకొస్తే ఇవ్వలేనిది ప్రతిపక్షంలో అడిగితే, డ్రైవర్ బంకు దగ్గర నిలబడి నవ్వుకుంటాడు.

చట్టసభలో ఉన్న దారులు

పన్ను తగ్గించడానికో, రద్దు చేయడానికో సవరణ పెట్టాలంటే రాష్ట్రపతి సిఫార్సు అక్కర్లేదని 117వ అధికరణం చెబుతుంది. ఫైనాన్స్ బిల్లుపై ఒక్క ఎంపీ అయినా ఆ సవరణ పెట్టి ఓటింగ్ అడగొచ్చు. ఓడిపోయినా ఎవరు ఎటున్నారో రికార్డులో ఉంటుంది. శాఖల పద్దులపై కోత తీర్మానాలున్నాయి. జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రాల ఓట్లకు మూడింట రెండొంతుల విలువ ఉంది కాబట్టి, రాష్ట్ర ఆర్థిక మంత్రి అక్కడ ఏమన్నారో అసెంబ్లీలో నిలదీయొచ్చు.

రాయదుర్గంలో ఎదురయ్యే ముగ్గురికీ ఎంత తగ్గుతుంది, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, రేపు అధికారంలో ఉన్నా ఇదే మాట మీద ఉంటారా? ఓటు అడగడానికి వచ్చిన ఏ పార్టీ మనిషినైనా గుమ్మం దగ్గరే ఈ మూడు ప్రశ్నలు అడగొచ్చు.